క్యాన్సర్ చికిత్సలో తినడమే పథ్యం

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తర్వాత మీరు
• చికిత్స జరుగుతున్నంత కాలం బరువు తగ్గకుండా ఎందుకు చూసుకోవాలో వివరించగలుగుతారు.
• ఒక రోగికి రోజుకు కావలసిన శక్తిని, మాంసకృత్తులను లెక్కకట్టగలుగుతారు.
• వికారం, నోటిపుండ్లు, విరేచనాలు వంటి ఇబ్బందుల్లో ఆహారాన్ని ఎలా మార్చుకోవాలో చెప్పగలుగుతారు.
• పథ్యం పేరుతోనూ ప్రచారం వల్లనూ మాన్పించే ఆహారాల విషయంలో మంచిచెడ్డలు వేరు చేయగలుగుతారు.

1. పరిచయం

మన ఇళ్లలో జబ్బు అనగానే వెంట వచ్చే మాట పథ్యం. వాడుకలో పత్తెం అంటాం. కామెర్లకు నూనె మానాలంటారు. జ్వరానికి అన్నం మానాలంటారు. కోత పడితే పప్పు తినవద్దు, చీము పడుతుందంటారు. గుడ్డు వేడి, పెరుగు జలుబు, వంకాయ దురద అంటారు. నాలుగు రోజుల్లో తగ్గే జబ్బులో ఈ మానడం వల్ల పెద్ద నష్టం జరగకపోవచ్చు. వారం పాటు తక్కువ తిన్న మనిషి ఆ తర్వాత తిని తేరుకుంటాడు. క్యాన్సర్ చికిత్స మాత్రం నెలల తరబడి సాగుతుంది. అన్ని నెలలూ ఒక్కొక్కటి మానుకుంటూ పోతే శరీరం జబ్బుకు తోడు ఆకలిని కూడా మోయవలసి వస్తుంది. అందువల్ల ఈ జబ్బుకు సంబంధించినంతవరకు పథ్యం అనే మాటకు అర్థం మార్చుకోవాలి. ఇక్కడ తినడమే పథ్యం.

ఈ పాఠంలోని ఉదాహరణలు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతం నుంచి తీసుకున్నవి. పాత కరీంనగర్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు విడిగా ఏర్పడ్డాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలోని పట్టణం. సిరిసిల్లలో మరమగ్గాల పని, ఈ పట్టణాలన్నింటిలో స్త్రీలు చుట్టే బీడీల పని, చాలా ఇళ్ల నుంచి మగవాళ్లు గల్ఫ్ దేశాలకు పోవడం ఇక్కడి జీవనాధారాలు. రోగి ఆహారంపై వీటి ప్రభావం నేరుగా ఉంటుంది. పని ఆగితే కూలి ఆగుతుంది. ప్రత్యేక చికిత్సకు చాలామంది హైదరాబాద్‌లో 1955లో ఏర్పడిన ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్లకు పోవలసి వస్తుంది. అన్నింటికంటే ముఖ్యంగా, ఇంట్లో అందరికీ వండిపెట్టే మనిషే రోగి అయిన సందర్భాలు ఎక్కువ.

2. బరువుకు అంత ప్రాధాన్యం ఎందుకు?

క్యాన్సర్ గడ్డ శరీరంలో ఒక రకమైన వాపు ప్రక్రియను రేపుతుంది. దానివల్ల ఆకలి మందగిస్తుంది, కండరాలు కరుగుతాయి. మామూలుగా ఉపవాసం ఉన్నవారిలో మొదట ఎక్కువగా కొవ్వు తగ్గుతుంది. ఈ జబ్బులో కొవ్వుతోపాటే కండ కూడా పోతుంది. లేచి నిలబడడానికి, దగ్గడానికి, నడవడానికి కావలసినది ఆ కండే.

బరువు తగ్గడం చికిత్సను కూడా దెబ్బతీస్తుంది. కీమోథెరపీలో చాలా మందుల మోతాదును రోగి ఎత్తు, బరువులను బట్టి నిర్ణయిస్తారు. మనిషి బాగా నీరసించిపోతే డాక్టర్లు మోతాదు తగ్గించవలసి వస్తుంది లేదా తర్వాతి విడతను వాయిదా వేయవలసి వస్తుంది. నోరు, గొంతు క్యాన్సర్లకు రేడియేషన్ సాధారణంగా వారానికి 5 రోజుల చొప్పున 6, 7 వారాలు ఇస్తారు. తల కదలకుండా ముఖానికి సరిపోయే మాస్కు తయారు చేసి, ఆ కొలతతోనే కిరణాలను గురిపెడతారు. బుగ్గలు పీక్కుపోతే మాస్కు వదులవుతుంది, కొలతలు మళ్లీ తీయవలసి రావచ్చు. మధ్యలో రోజులు తప్పిపోతే చికిత్స ఫలితం తగ్గుతుంది. ఆపరేషన్ గాయం మానడానికి కూడా మాంసకృత్తులు కావాలి. పుండు మానాలని పప్పు, గుడ్డు మాన్పిస్తే గాయం మానడం ఆలస్యమవుతుంది.

బరువు ఎంత తగ్గితే ప్రమాదం? 6 నెలల్లో 5 శాతానికి మించి తగ్గితే దాన్ని తీవ్రంగా తీసుకోవాలి. 50 కిలోల మనిషికి 5 శాతం అంటే రెండున్నర కిలోలే. వారానికొకసారి, ఒకే కాటా మీద, ఉదయం పూట బరువు చూసి రాసిపెట్టుకోండి. కాటా అందుబాటులో లేకపోతే చేతిగాజులు వదులవడం, మొలతాడు జారడం కూడా సూచనలే. కాళ్లవాపు, పొట్టలో నీరు ఉన్నవారిలో కండ తగ్గినా కాటా మీద బరువు తగ్గదు. వారి విషయంలో భుజాలు, చేతులు చూడాలి.

ఒక మినహాయింపు గుర్తుంచుకోండి. రొమ్ము క్యాన్సర్ చికిత్సలో కొందరికి బరువు పెరుగుతుంది. వారికి నూనె, తీపి పెంచవలసిన పని లేదు. మాంసకృత్తులు తగ్గకుండా చూస్తూ, వీలైనంత నడవాలి.

3. ఎంత తినాలి? ఒక లెక్క

చికిత్సలో ఉన్న రోగికి రోజుకు ప్రతి కిలో బరువుకు 25 నుంచి 30 కిలోకేలరీల శక్తి, 1 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. కోరుట్లలో బీడీలు చుట్టే 50 కిలోల స్త్రీని ఉదాహరణగా తీసుకుందాం. ఆమెకు రోజుకు 1250 నుంచి 1500 కిలోకేలరీలు, 50 నుంచి 75 గ్రాముల మాంసకృత్తులు అవసరం.

తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల బియ్యం వస్తాయి. అంటే రోజుకు 200 గ్రాములు. ఆ బియ్యం మొత్తం ఆమే తిన్నా వచ్చేది 700 కిలోకేలరీలు, 15 గ్రాముల మాంసకృత్తులు. శక్తి సగం అందింది. మాంసకృత్తులు మూడోవంతు కూడా అందలేదు. కడుపు నిండా అన్నం, పచ్చిపులుసు తిన్నా మనిషి ఎందుకు చిక్కిపోతుందో ఈ లెక్క చెబుతుంది.

ఇప్పుడు ఆమె రోజుకు 150 గ్రాముల బియ్యమే తినగలదనుకొని మిగిలినవి చేర్చి చూద్దాం. అంకెలు సుమారుగా ఇచ్చినవి.

• బియ్యం 150 గ్రాములు: 525 కిలోకేలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు
• పెసరపప్పు లేదా కందిపప్పు 40 గ్రాములు: 130 కిలోకేలరీలు, 9 గ్రాములు
• పాలు, పెరుగు కలిపి 2 గ్లాసులు: 280 కిలోకేలరీలు, 13 గ్రాములు
• కోడిగుడ్లు 2: 140 కిలోకేలరీలు, 12 గ్రాములు
• పల్లీలు 30 గ్రాములు, అంటే ఒక గుప్పెడు: 160 కిలోకేలరీలు, 7 గ్రాములు
• నూనె 4 చెంచాలు: 180 కిలోకేలరీలు
• బెల్లం 20 గ్రాములు: 75 కిలోకేలరీలు

మొత్తం 1490 కిలోకేలరీలు, 52 గ్రాముల మాంసకృత్తులు. ఇందులో కొత్త వస్తువు ఒక్కటీ లేదు. డబ్బాలలో అమ్మే ఖరీదైన పొడులు అందరికీ తప్పనిసరి కావు. గుడ్డు తినని ఇళ్లలో 25 గ్రాముల మీల్‌మేకర్‌తో సుమారు 12 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. కోడికూర, చేప తినగలిగిన రోజు అంతకంటే మంచిది.

ఎక్కువ తినలేనివారికి తక్కువ పరిమాణంలో ఎక్కువ శక్తి ఇమిడేలా వండాలి. బతుకమ్మకు చేసే సత్తుపిండి, నువ్వుల ముద్దలు, పల్లీల ముద్దలు, మలీద ముద్దలు ఈ పనికి చక్కగా సరిపోతాయి. తైదల జావను నీళ్లతో కాకుండా పాలతో కాచి, వేయించిన పల్లీల పొడి, బెల్లం కలిపితే గ్లాసుడు జావే చిన్న భోజనమవుతుంది. అన్నంలో నెయ్యి, పప్పులో ఒక చెంచా నూనె అదనంగా వేయండి.

చక్కెర వ్యాధి ఉన్నవారు బెల్లం, పిండిపదార్థాల విషయం డాక్టరుతో మాట్లాడాలి. కీమోతోపాటు ఇచ్చే స్టెరాయిడ్ల వల్ల చక్కెర పెరగవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మాంసకృత్తుల లెక్క వేరుగా ఉంటుంది. చాలా రోజులుగా దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా నిండు భోజనం పెట్టకూడదు. రక్తంలోని లవణాలు తారుమారై ప్రమాదం కలగవచ్చు. ఆసుపత్రి పర్యవేక్షణలో కొద్దికొద్దిగా పెంచాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
సిరిసిల్లలో మరమగ్గం నడిపే 60 కిలోల కార్మికునికి చికిత్స సమయంలో రోజుకు కనీసం ఎంత శక్తి, ఎన్ని గ్రాముల మాంసకృత్తులు కావాలి? 5 శాతం బరువు తగ్గితే ఎన్ని కిలోలు తగ్గినట్లు?
(జవాబు: 1500 కిలోకేలరీలు, 60 గ్రాములు, 3 కిలోలు.)

4. ఇబ్బందుల్లో ఆహారం

4.1 వికారం, వాంతులు

మూడు పూటల భోజనాన్ని ఆరు పూటలుగా విడగొట్టండి. రెండు మూడు గంటలకొకసారి నాలుగు ముద్దలు చాలు. వేడివేడి కూరల వాసన వికారం పెంచుతుంది. చల్లారిన ఇడ్లీ, పెరుగన్నం, మరమరాలు, అరటిపండు తేలికగా లోపలికి పోతాయి. పోపు వేసే చోటికి దూరంగా రోగిని కూర్చోబెట్టండి. వాంతుల మందును కడుపులో తిప్పడం మొదలైన తర్వాత కాకుండా, డాక్టరు చెప్పిన వేళకే వేయండి.

కీమో రోజున ఇష్టమైన వంటకం పెట్టకండి. 1978లో అమెరికాలోని సియాటిల్‌లో ఇలీన్ బెర్న్‌స్టీన్ అనే శాస్త్రవేత్త, కీమో తీసుకునే పిల్లలకు చికిత్సకు ముందు ఒక కొత్త రుచి ఐస్‌క్రీమ్ ఇచ్చి గమనించారు. వికారం కలిగించే మందు తీసుకున్న పిల్లలు తర్వాత ఆ ఐస్‌క్రీమ్‌ను ఇష్టపడలేదు. మనసుకు తెలియకుండానే శరీరం వాంతిని ఆ రుచితో ముడివేసుకుంటుంది. ఆసుపత్రి నుంచి వచ్చారని ప్రేమతో ఆ రోజే నాటుకోడి కూర వండితే, రోగికి ఆ కూరే శాశ్వతంగా దూరం కావచ్చు. ఆ రోజు సాదా తిండి పెట్టి, ఇష్టమైనవి వికారం తగ్గిన తర్వాత వండండి.

4.2 నోటిపుండ్లు, నోరు ఎండిపోవడం

నోరు, గొంతుకు రేడియేషన్ తీసుకునేవారిలో సాధారణంగా రెండో, మూడో వారం నుంచి పుండ్లు మొదలవుతాయి. పచ్చికారం, చింతపండు, పుంటికూర, నిమ్మ, తొక్కులు, గట్టి జొన్నరొట్టె ఆపాలి. వీటిని మాన్పించడం సరైన పథ్యమే, అయితే పుండ్లు మానేవరకే. వాటి బదులు మెత్తగా ఉడికించిన పెసరపప్పు కిచిడీ, పాలలో నానిన రొట్టె, జారుగా చేసిన మక్క గటకలో పెరుగు, ఉడికించిన ఆనిగెపుకాయ, బొప్పాయిపండు, మెత్తని గుడ్డుపొరటు పెట్టండి. ఏదైనా గోరువెచ్చగా ఉండాలి. లీటరు మరిగి చల్లారిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించాలి. బీడీ, గుట్కా, అంబర్, జర్దా, కల్లు, సారా పూర్తిగా మానాలి. అవి పుండును మానకుండా చేస్తాయి.

4.3 రుచి మారడం

నోరు చేదుగా, ఇనుము నాకినట్లు ఉందని చాలామంది చెబుతారు. స్టీలు చెంచా బదులు ప్లాస్టిక్ చెంచా లేదా చేయి వాడండి. మాంసం చేదుగా ఉంటే గుడ్డు, పప్పు, పెరుగుకు మారండి. పుండ్లు లేకపోతే కొద్దిగా పులుపు, కొత్తిమీర, పుదీనా రుచిని లేపుతాయి. చికిత్స ముగిశాక వారాల్లో, నెలల్లో చాలామందికి రుచి తిరిగి వస్తుంది.

4.4 విరేచనాలు, మలబద్ధకం

విరేచనాలు అవుతుంటే నీళ్లు, లవణాలు పోకుండా చూడాలి. ఓఆర్ఎస్ పొట్లం లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో 6 టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు సమంగా కొలిచి కలపండి. గంజి, అరటిపండు, పెరుగన్నం ఇవ్వండి. పాలు పడకపోతే ఆపండి. రోజుకు నాలుగైదుసార్లకు మించితే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. నొప్పికి మార్ఫిన్ వాడేవారికి మలబద్ధకం దాదాపు తప్పదు. నీళ్లు, ఆకుకూరలు, బొప్పాయితోపాటు డాక్టరు ఇచ్చిన విరేచన మందును కూడా వాడాలి.

కొన్ని మందులకు ప్రత్యేక నియమాలుంటాయి. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించిన తర్వాత కొన్ని రోజులు చల్లని నీళ్లు, ఐస్ తాకకూడదు. కెపెసిటాబిన్ మాత్రలు తిన్న అరగంటలోపు వేసుకోవాలి. మీ మందుకు ఏ నియమం ఉందో డాక్టరును అడిగి రాసుకోండి.

4.5 మింగలేనప్పుడు

మింగడం కష్టమైతే ముక్కు ద్వారా సన్నని గొట్టం వేస్తామని డాక్టర్లు చెబుతారు. గొట్టం అనగానే చివరి దశ అని మనవాళ్లు భయపడి వద్దంటారు. అది తాత్కాలికంగా, పుండ్లు మానేవరకు వేసేది. పాలు, వడగట్టిన జావ, పప్పుకట్టు, ఆసుపత్రి సూచించిన పొడి రెండు మూడు గంటలకొకసారి 200 మిల్లీలీటర్ల చొప్పున పోయవచ్చు. రోగిని కూర్చోబెట్టి పోయాలి, తర్వాత అరగంట పడుకోనివ్వకూడదు. ముందూ వెనుకా మంచినీళ్లు పోస్తే గొట్టం పూడుకుపోదు. ఈ పని నర్సు దగ్గర నేర్చుకున్న తర్వాతే ఇంట్లో చేయాలి.

5. శుభ్రత

కీమో తర్వాత సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి. అప్పుడు చెడిన తిండి వల్ల ప్రాణం మీదికి రావచ్చు. పూర్వం ఇలాంటివారికి పచ్చి పండ్లు, కూరగాయలు మొత్తంగా మాన్పించేవారు. అలా మాన్పించినందువల్ల ఇన్‌ఫెక్షన్లు తగ్గినట్లు పరిశోధనల్లో తేలలేదు. కడగడం, ఉడికించడం, తాజాగా తినడం ముఖ్యం. పండును బాగా కడిగి, ఇంట్లో తొక్క తీసి పెట్టండి. గుడ్డు, మాంసం లోపలిదాకా ఉడకాలి. నీళ్లు మరిగించి చల్లార్చండి. కాచిన పాలతో ఇంట్లో తోడువేసిన పెరుగు తినవచ్చు. రాత్రి మిగిలిన సద్ది, పులిసిన అంబలి, బస్టాండులో కోసి పెట్టిన పండ్లు, ఐస్ వేసిన చెరుకురసం ఆ రోజుల్లో వద్దు. బీడీ చాట ముందు కూర్చున్న చేతులతో వడ్డించవద్దు. సబ్బుతో కడుక్కొని వడ్డించాలి. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ చేరితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

6. ప్రచారంలో ఉన్న మాటలు

“చక్కెర క్యాన్సర్‌కు మేత. అన్నం, బెల్లం మానిపించండి.” గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఆత్రంతో ఫోనుకు పంపే సందేశాల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. క్యాన్సర్ కణాలు గ్లూకోజును ఎక్కువగా వాడుకుంటాయని జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ 1920వ దశకంలో గమనించిన మాట నిజం. అయితే శరీరంలోని కణాలన్నీ గ్లూకోజును వాడుకుంటాయి. మనం తినడం మానినా కాలేయం దాన్ని తయారు చేస్తుంది, అందుకు కండను కరిగిస్తుంది. అన్నం మానితే చిక్కిపోయేది రోగి.

“పసుపు తింటే తగ్గుతుంది.” జగిత్యాల, కోరుట్ల చుట్టుపక్కల పసుపు పండిస్తారు కాబట్టి ఈ నమ్మకం ఇక్కడ బలంగా ఉంది. పసుపులోని కర్‌క్యుమిన్ ప్రయోగశాలలో, గాజుపాత్రలోని కణాలపై ప్రభావం చూపింది. తిన్న పసుపులో రక్తంలోకి చేరేది చాలా స్వల్పం. కూరలో వేసే పసుపుతో ఇబ్బంది లేదు. మోతాదుకు మించిన పొడి, మాత్రలు కొన్ని మందుల పనికి అడ్డురావచ్చు, రక్తం గడ్డకట్టే తీరును మార్చవచ్చు. వాడుతుంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి.

“లక్ష్మణఫలం, గోధుమగడ్డి రసం చాలు.” ఇవి క్యాన్సర్‌ను నయం చేసినట్లు మనుషుల మీద రుజువు లేదు. వీటి కోసం చికిత్స ఆపితే పోగొట్టుకున్న నెలలు తిరిగి రావు. వీటికి పెట్టే డబ్బుతో ఎన్ని గుడ్లు, ఎన్ని పాలు వస్తాయో ఒకసారి లెక్క వేసి చూడండి.

7. ప్రయాణం, హైదరాబాద్‌లో మకాం

సిరిసిల్ల నుంచి హైదరాబాద్ సుమారు 140 కిలోమీటర్లు. జగిత్యాల, కోరుట్ల ఇంకా దూరం. తెల్లవారుజామున బస్సెక్కి, రాత్రికి తిరిగొచ్చే రోజున చాలామంది రోగులు టీ, బిస్కెట్లతో గడిపేస్తారు. అలాంటి రోజులు నెలకు నాలుగైదు అయితే నష్టం చిన్నది కాదు. బయలుదేరే ముందు జావ తాగించండి. సంచిలో మరిగించిన నీళ్లు, సత్తుపిండి ముద్దలు, వేయించిన పల్లీలు, అరటిపండ్లు, ఒక ఓఆర్ఎస్ పొట్లం పెట్టుకోండి. ఎండాకాలంలో పెరుగన్నం బస్సులో త్వరగా పాడవుతుంది కాబట్టి దాన్ని మొదట తినేయాలి. రేడియేషన్ కోసం వారాల తరబడి నగరంలో ఉండేవారికి ఐదు రూపాయల భోజనం పెద్ద ఆసరా. దానికి తోడు రెండు ఉడికించిన గుడ్లు, ఒక పెరుగు ప్యాకెట్టు చేర్చుకుంటే రోగికి సరిపోయే భోజనమవుతుంది.

8. గిన్నెలో ఎవరి వాటా ఎంత?

లెక్కలు ఎంత బాగా నేర్చుకున్నా, అమలయ్యేది వంటింట్లో. మన ఇళ్లలో ఆడవాళ్లు అందరికీ వడ్డించి చివరన తింటారు. జబ్బుపడిన తల్లికి ఆసుపత్రిలో రోజుకు రెండు గుడ్లు చెబితే, ఇంటికి వచ్చాక ఒకటి మనవడికి, సగం కోడలికి పోతుంది. కూలి ఆగినందుకు తానే భారమయ్యానని ఆమె తన పాలు తానే తగ్గించుకుంటుంది. అడిగితే ఆకలి లేదంటుంది. ఆ మాటలో కొంత జబ్బు, కొంత మొహమాటం ఉంటాయి. ఈ రెండింటినీ వేరు చేసి చూడవలసిన బాధ్యత ఇంట్లోవారిది. ఆమె వాటాను ముందే విడిగా తీసి పెట్టండి. అందరికంటే ముందు ఆమె తినాలి, ఎవరైనా పక్కన కూర్చోవాలి. అది మందు వేసినట్లే భావించండి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. తినలేక కన్నీళ్లు పెట్టుకునే మనిషిని కసరడం వల్ల ఒక్క ముద్ద కూడా అదనంగా పోదు. జబ్బు నయమయ్యే దశ దాటి, శరీరం మూసుకుపోతున్న రోజుల్లో ఆకలి దానంతటదే పోతుంది. అప్పుడు బలవంతపు తిండి ఆయుష్షు పెంచదు, బాధ పెంచుతుంది. ఆ దశలో అడిగినది రెండు చెంచాలు పెట్టడం, పెదవులు తడపడం, దగ్గర కూర్చోవడం చాలు. తినిపించలేకపోయామని ఇంటివారు తమను తాము నిందించుకోనవసరం లేదు. ఏ దశలో ఉన్నామో డాక్టరును సూటిగా అడగండి.

సారాంశం

క్యాన్సర్ చికిత్సలో బరువు, కండ నిలబెట్టుకోవడం చికిత్సలో భాగం. కిలో బరువుకు 25–30 కిలోకేలరీలు, 1–1.5 గ్రాముల మాంసకృత్తులు లక్ష్యం. బియ్యం ఒక్కటే ఆ లక్ష్యాన్ని చేరదు. పప్పు, గుడ్లు, పాలు, పల్లీలు, నూనె చేరాలి. ఇబ్బందిని బట్టి ఆహారపు రూపం మార్చాలి, పరిమాణం తగ్గితే పూటలు పెంచాలి. శుభ్రత తప్పనిసరి. ఆధారం లేని పథ్యాలు, ప్రచారాలు రోగి గిన్నెను ఖాళీ చేస్తాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
1. కీమో రోజున ఇష్టమైన వంటకం ఎందుకు పెట్టకూడదు?
2. కూరలో పసుపుకు, పసుపు మాత్రలకు తేడా ఏమిటి?
3. నోటిపుండ్లు ఉన్నప్పుడు ఆపవలసిన ఆహారాలు నాలుగు, పెట్టదగినవి నాలుగు రాయండి.

క్షేత్రకార్యం
మీ ఇంట్లో లేదా మీ వీధిలో చికిత్స పొందుతున్నవారు ఉంటే, వారి అనుమతితో, మూడు రోజుల ఆహారాన్ని రాసుకోండి. మూడో విభాగంలోని అంకెలతో మాంసకృత్తులు లెక్కకట్టండి. లోటు ఎంత ఉందో, ఆ ఇంట్లో దొరికే ఏ రెండు వస్తువులతో దాన్ని పూడ్చవచ్చో ఒక పేజీ రాసి, ఆ పేజీని ముందుగా ఆ ఇంటివారికి చదివి వినిపించండి.